గులాబీ బొట్రైటిస్‌కు ‘ఆర్ఎన్ఏ మందు’ కొనొచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర. ఏడేళ్లుగా బెంగళూరు పక్కన దొడ్డబళ్లాపురంలో అర ఎకరం పాలీహౌస్ లీజుకు తీసుకుని గులాబీ పెంచుతున్నాను. చలి మొదలైతే చాలు, పూలకు బొట్రైటిస్ (బూడిదరంగు బూజు తెచ్చే శిలీంధ్రం, అంటే ఫంగస్) వస్తోంది. ఫంగస్ మందు కార్బెండజిమ్ కొట్టాను, తగ్గలేదు. థయోఫనేట్ మిథైల్‌కు మారాను, అదీ పనిచేయలేదు. ఇప్పుడు ఒకాయన ‘ఆర్ఎన్ఏ టెక్నాలజీ, అన్ని ఫంగస్‌లకూ ఒకటే మందు’ అంటూ సీసా తెచ్చాడు. లీటరు 4,800 రూపాయలట. కొనొచ్చా సార్? చింతామణిలో మా బావమరిది టమాటాకు లేట్ బ్లైట్ వచ్చింది, అక్కడివాళ్లు అంగమారి అంటారు. దానికీ వాడొచ్చా?

జవాబు: ఆ సీసా కొనకండి. ఆర్ఎన్ఏ స్ప్రే అబద్ధమని మాత్రం అనుకోవద్దు. అది నిజమైన శాస్త్రమే, పైగా మీ పంటకు దగ్గరిది. 2016లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బొట్రైటిస్ మీద దీన్ని పరీక్షించినప్పుడు టమాటా, స్ట్రాబెర్రీ, ద్రాక్షలతో పాటు గులాబీ రేకుల మీద కూడా చల్లి చూశారు. బూజు బాగా తగ్గింది.

అది పనిచేసే తీరు చెబుతాను, ఆ సీసా సంగతి మీకే అర్థమవుతుంది. శిలీంధ్రం ఏ పని చేయాలన్నా దాని జన్యువు నుంచి ఒక కబురు వెళ్లాలి. ఆ కబురే ఆర్ఎన్ఏ. మనం ఎంచుకున్న ఒక జన్యువుకు సరిగ్గా సరిపోయేలా రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారుచేసి చల్లితే, బొట్రైటిస్ దాన్ని లోపలికి పీల్చుకుని చిన్నచిన్న ముక్కలు చేసుకుంటుంది. ఆ ముక్కల్ని పట్టుకునే శిలీంధ్రంలోని యంత్రాంగం వాటికి జత కుదిరిన సొంత కబురునే తెంచేస్తుంది. ఆ పని ఆగిపోతుంది, శిలీంధ్రం నీరసిస్తుంది. మీ గులాబీ జన్యువులు ఏమీ మారవు.

జత కుదిరితేనే పనిచేసే మందు ‘అన్ని ఫంగస్‌లకూ’ ఎలా పనిచేస్తుంది? ఆ ఒక్క మాట చాలు, అనుమానించడానికి. పైగా అన్ని శిలీంధ్రాలూ బయటి ఆర్ఎన్ఏను పీల్చుకోవు. బొట్రైటిస్ పీల్చుకుంటుంది, వరిలో పాముపొడ తెచ్చే రైజోక్టోనియా పీల్చుకుంటుంది. మామిడిలో ఆంత్రాక్నోస్ తెచ్చే కొల్లెటోట్రైకమ్ మీద పరీక్షిస్తే పీల్చుకోలేదు. మీ బావమరిది టమాటాను మాడ్చే ఫైటోఫ్తోరా కూడా అంతంతమాత్రమే. కాబట్టి ఆయనకూ వద్దని చెప్పండి.

ఇంకో చిక్కు, చల్లిన ఆర్ఎన్ఏ ఎండకూ తేమకూ తొందరగా చెడిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని అతిసన్నని బంకమట్టి రేణువులకు అంటించి చల్లారు. బొట్రైటిస్ నుంచి టమాటా ఆకులకు ఒక వారం దొరికే రక్షణ మూడు వారాలకు పెరిగింది. ఈ పని మీద నాకు చాలా ఆశ ఉంది. కానీ 2023 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి ఆర్ఎన్ఏ స్ప్రే బంగాళాదుంపను తినే కొలరాడో పెంకుపురుగుకు, ఫంగస్‌కు కాదు. మన దేశంలో ఫంగస్‌కు ఇలాంటి మందు ఏదీ ఇంకా రిజిస్టర్ కాలేదు. ఏ తెగులు మందు కొన్నా లేబుల్ మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి, బిల్లు అడగండి.

ఇక మీ పాత మందుల సంగతి. థయోఫనేట్ మిథైల్ మొక్కలోకి వెళ్లాక మారేది కార్బెండజిమ్‌గానే. అంటే మీరు సీసా మార్చారు గానీ మందు మార్చలేదు. ఈ గుంపు మందులకు బొట్రైటిస్ చాలాచోట్ల ఎప్పుడో అలవాటు పడిపోయింది. వేరే గుంపు మందుకు వెళ్లండి, దాన్నీ వరుసగా రెండోసారి కొట్టకండి.

అయినా మందుకన్నా ముందు చూడాల్సింది తేమ. రేపు తెల్లవారుజామున ఆరింటికి లోపలికి వెళ్లి తల పైకెత్తి చూడండి. షీటు లోపలివైపు చెమ్మ పట్టి, చుక్కచుక్కగా మొగ్గల మీద పడుతూ ఉంటుంది. ఆ చుక్క రేకు మీద కొన్ని గంటలు నిలిస్తే చాలు. ముందు గుండుసూది తలంత మచ్చ, తర్వాత గోధుమరంగు, ఆపైన బూడిదరంగు నూగు. చలికి భయపడి రాత్రంతా కర్టెన్లు బిగించేస్తే తేమ బయటికి పోయే దారే ఉండదు. పైన కొంచెం సందు వదలండి, పొద్దున్నే కర్టెన్లు తీయండి. నీళ్లు సాయంత్రం కాకుండా ఉదయమే ఇవ్వండి.

తెగులు పట్టిన పూలను కోసి దారిలో ఈడ్చుకుపోతే నూగు దులిపినట్టు గాలిలో లేస్తుంది. కవరు మొక్క దగ్గరికే తీసుకెళ్లి, పువ్వును అందులోకి దించి, తర్వాత కొమ్మ కత్తిరించండి. మూతి కట్టి పాలీహౌస్ బయట పూడ్చండి. కోత కోసినప్పుడు మొండి కొమ్మలు పొడవుగా వదలకండి, బొట్రైటిస్ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. తడి రేకులతో పూలను బంచ్ కట్టి కోల్డ్ రూమ్‌లో పెట్టారంటే బెంగళూరులోని హెబ్బాళ పూల వేలానికి వెళ్లేలోపే కుళ్లు కనిపిస్తుంది.

రెండు వారాల్లో తగ్గకపోతే నాలుగైదు పూలు పేపర్ కవర్‌లో పెట్టి, ఇప్పటివరకు కొట్టిన మందుల లేబుళ్లతో సహా హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌కు గానీ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేకు గానీ తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే దారిలోనే కుళ్లిపోయి అసలు తెగులేదో తేల్చడం కష్టమవుతుంది.