అడవి, సముద్రం చదువుతానంటున్న అమ్మాయికి ఏ డిగ్రీ?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్ వద్దు, సహజ వనరులు, వాటి సంరక్షణ చదువుతానని పట్టుబడుతోంది. మాకు దగ్గర్లోని ఓ చిన్న డిగ్రీ కాలేజీలో అలాంటి కోర్సు ఉంది. తరగతిలో ఇరవై మంది కూడా ఉండరట. అక్కడ చదివితే ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల అడవుల వెంట తిరగాలంటే భయంగా కూడా ఉంది.
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ అమ్మాయి మాటను నీట్ పోయిన బాధలో అన్నదిగా కొట్టిపారేయకండి. ఇష్టం ఉన్నవాళ్లు మాత్రమే నిలబడే రంగం ఇది. అయితే మీరు ముందుగా చూడవలసింది కాలేజీ ఎంత పెద్దదన్నది కాదు. మూడు నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చే మార్కుల మెమోలో ఏ సబ్జెక్టులు ఉంటాయన్నది చూడండి.

ఎందుకంటే, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, పశుసంవర్ధక - పశువైద్య శాస్త్రాల్లో కనీసం ఒకటి చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో పట్టా ఉండాలి. పర్యావరణ శాస్త్రం ఈ జాబితాలో లేదు. అడవుల మీద ప్రేమతో పర్యావరణ కోర్సులో చేరిన విద్యార్థికి, పక్కన బోటనీయో జువాలజీయో లేనందువల్ల అడవి శాఖ పరీక్షకే అర్హత లేకుండా పోవచ్చు. ఇంతకన్నా బాధ కలిగించే విషయం నాకు ఈ వృత్తిలో మరొకటి కనబడదు. డిగ్రీ పూర్తయ్యాక దాన్ని సరిదిద్దే దారి ఉండదు. కాబట్టి బోటనీ లేదా జువాలజీ ప్రధానంగా ఉండి, పర్యావరణం దానికి తోడుగా ఉండే కోర్సు తీసుకోండి. రాష్ట్రంలో ఏపీపీఎస్సీ భర్తీ చేసే రేంజ్ ఆఫీసర్ పోస్టులకూ ఏ డిగ్రీ అన్నదొక్కటే చాలదు, సబ్జెక్టులు కూడా చూస్తారు. పాత నోటిఫికేషన్ ఒకటి తెచ్చుకుని, కాలేజీ ఇచ్చే సిలబస్‌ పక్కన పెట్టి చదవండి.

ఇక చిన్న కాలేజీ సంగతి. ఇరవై మంది లేకపోవడం ఈ చదువుకు మేలే. ఎనభై మందిని కొండ ఎక్కించి మొక్కలు చూపించడం ఏ అధ్యాపకుడికీ సాధ్యం కాదు. పదిహేను మందైతే ప్రతి ఒక్కరి చేతికీ భూతద్దం అందుతుంది. కానీ ఆ అధ్యాపకుడు నిజంగా కొండ ఎక్కిస్తున్నాడా అన్నది మీరే వెళ్లి తెలుసుకోవాలి. బోటనీ విభాగంలో హెర్బేరియం చూపించమని అడగండి. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి బీరువాలో పెడతారు. ఒక్కో అట్ట మీద కుడివైపు కింద చిన్న చీటీ ఉంటుంది. మొక్క పేరు, సేకరించిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు అందులో రాస్తారు. ఆ చీటీల్లో నిరుటి తేదీలు, విద్యార్థుల పేర్లు కనిపిస్తే నిశ్చింతగా చేర్పించండి. అన్నీ పాతికేళ్ల నాటివైతే, లేదా బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే, అక్కడ ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించడమేనని అర్థం. కాలేజీల నాణ్యతను చూసి ఇచ్చే నాక్ గ్రేడూ చూడండి, కానీ నేనైతే ఈ బీరువానే ఎక్కువ నమ్ముతాను.

కాలేజీలో ల్యాబు కాస్త వెనకబడినా, విశాఖలో ఆ లోటు చాలావరకు ఊరే తీరుస్తుంది. ఊరిని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ అనే సరస్సు, రైలెక్కితే అనంతగిరి కాఫీ తోటలు. అన్నిటికన్నా తీరాన్ని వదలవద్దని చెప్పండి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇసుకలో గుంట తవ్వి ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను కుక్కలు తినేయకుండా అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు సేకరించి, పొదిగించే హేచరీలో మళ్లీ పాతిపెడతారు. ఇసుక వేడెక్కేకొద్దీ ఆడ తాబేళ్లు ఎక్కువగా పుడతాయి. అంటే వాతావరణ మార్పు పాఠం ఆ గుంటలోనే ఉంది. వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేలును చూస్తే మత్స్యకారుల బతుకుతెరువు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే చేపల వేట నిషేధం, వీటి గురించి కూడా ఆలోచించక తప్పదు. హేచరీలో వాలంటీరుగా ఒక్క సీజన్ పనిచేసి, రోజూ నోట్సు రాసుకున్న అమ్మాయికి పీజీ ఇంటర్వ్యూలో చెప్పడానికి తనదైన విషయం ఉంటుంది.

ఉద్యోగాల గురించి ఉన్నమాట చెబుతాను. డిగ్రీ ఒక్కదానితో ఈ రంగంలో మంచి కొలువు దొరకడం కష్టం. పీజీ తప్పదనుకునే దిగండి. ఆంధ్రా యూనివర్సిటీలోనే బోటనీ, జువాలజీ, పర్యావరణ శాస్త్రం ఉన్నాయి. వన్యప్రాణుల మీదే మనసుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) ఉన్నాయి. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. అటవీ నిర్వహణకు భోపాల్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ (ఐఐఎఫ్ఎం) ఉంది. సముద్రం వైపు వెళ్తే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ మన ఊళ్లోనే ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. పరిశ్రమల వైపూ పని ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి కావాలి. ఆ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు మొక్కలను, పక్షులను గుర్తుపట్టి లెక్కకట్టగలవారు, మ్యాపులు గీయగలవారు అవసరం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం, డిగ్రీలోనే నేర్చుకోమనండి. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే. ఇంటి మీద అప్పులుంటే ఆ సంగతి అమ్మాయితో ఇప్పుడే మాట్లాడండి.

మీ భయాన్ని తప్పుపట్టను. కానీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి మహిళలు 1980లోనే వచ్చారు. ఆ ఎంపికలో మహిళలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి. ఆ అలవాటు ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి, వీలైతే ఆదివారాలు కంబాలకొండ బాటల్లో మీరూ తోడు వెళ్లండి. క్షేత్ర పర్యటనలకు విద్యార్థినులతో మహిళా అధ్యాపకులు వెళ్తారా, రాత్రి బస ఎక్కడ అని కాలేజీని నేరుగా అడగండి.

ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఆ కాలేజీకి మీరిద్దరూ కలిసి వెళ్లిరండి. బోటనీ, జువాలజీల్లో ఏదీ ఇవ్వలేమంటే మాత్రం ఇంటికి దగ్గరని అక్కడ చేర్పించవద్దు. డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ కళాశాల, విశాఖ ప్రభుత్వ మహిళా కళాశాలల్లో ఈ సబ్జెక్టుల వివరాలు కనుక్కుని, వాటిని ముందు ఆప్షన్లుగా పెట్టండి.