ఫ్లోరెన్స్‌కు ఒక్క రోజు చాలా?

రోమ్ నుంచి వేగంగా వెళ్లే రైలులో గంటన్నరే కదా, ఫ్లోరెన్స్‌ను ఒక్క రోజులో చూసి రావచ్చా అని అడిగారు. రావచ్చు. కానీ ముందు వారంలో ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. మేము సోమవారం ఉదయం దిగాం. ఉఫీజీ చిత్రశాలకూ, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియాకూ సోమవారమే సెలవు. రైలు టికెట్ల ధరలు వారం రోజులు పోల్చి చూసిన నేను ఈ ఒక్క సంగతి చూడలేదు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అదృష్టం కొద్దీ కెథడ్రల్ గుమ్మటం ఎక్కడానికి ముందే సమయం బుక్ చేసి ఉంది. 463 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. అది నిజానికి ఒక గుమ్మటం కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు. మెట్లు ఆ రెండింటి సందులోంచే వెళ్తాయి. పైకి పోయేకొద్దీ పక్క గోడ మన మీదికి ఒరిగి వస్తుంది. చివర్లో నేను ఒక భుజం దించుకుని నడిచాను. అక్కడక్కడ ఇటుకలు బయటికే కనిపిస్తాయి. అడ్డంగా పేర్చిన వరసల మధ్య కొన్నింటిని నిలబెట్టారు, చేప ముల్లులా. మనం చిన్న గదికి స్లాబు వేయాలన్నా కింద కర్రలు నిలబెట్టి సెంట్రింగ్ కొట్టిస్తాం. దాదాపు 45 మీటర్ల వెడల్పున్న ఈ గుమ్మటాన్ని వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ నేల నుంచి సెంట్రింగ్ లేకుండా 1420లో మొదలుపెట్టి 1436కల్లా ముగించాడు. తడి సున్నం గట్టిపడేలోపు ఇటుకలు జారకుండా పట్టి ఉంచింది ఆ చేప ముల్లు అల్లికే. మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వెనకాలే తిరిగినవాణ్ణి, అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. వెనకున్నవాళ్లు తోస్తే కదిలాను.

రాత్రి అక్కడే ఉండి, మంగళవారం పొద్దున్నే అకాడెమియాకు వెళ్లాం. డేవిడ్ ఎత్తు 5.17 మీటర్లు, ఆ పరిమాణం ఫోటోల్లో అంతుపట్టదు. జనమంతా నేరుగా ఆయన దగ్గరికే నడుస్తారు. దారిలో మైకెలాంజెలో సగంలో వదిలేసిన ‘ఖైదీలు’ ఉన్నారు, వాళ్ల దగ్గర ఆగండి. ఒకడి తల ఇంకా రాతిలోనే ఉంది. పళ్లున్న ఉలి గీతలు దువ్వెనతో దువ్వినట్లు స్పష్టంగా కనిపిస్తాయి. నాకు డేవిడ్ కన్నా వీళ్లే ఎక్కువ నచ్చారు.

పోంటె వెక్కియో వంతెనకు పది నిమిషాలు చాలు, అన్నీ నగల దుకాణాలే. శాకాహారులైతే రిబొల్లీటా అడగండి: బీన్స్, ఆకుకూర, పాత రొట్టె కలిపి ఉడికించిన చిక్కటి సూప్. మాంసం వేశారేమో మాత్రం కనుక్కోండి. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. నేను కారప్పొడి అద్దుకుని తిన్నాను.

మీకు ఒక్క రోజే ఉంటే గుమ్మటం, అకాడెమియా పెట్టుకుని ఉఫీజీని వదిలేయండి. దాన్ని రెండు గంటల్లో చూడాలనుకోవడం తిరునాళ్లలో పరుగెత్తడమే. సాయంత్రం మిగిలితే ఆర్నో నది ఒడ్డున కషీనె తోట చివరిదాకా నడవండి. ఇంగ్లండ్ నుంచి తిరిగి వస్తూ 1870లో ఈ ఊళ్లో చనిపోయిన కొల్హాపూర్ మహారాజు రాజారామ్‌కు అక్కడే, రెండు నదులు కలిసే చోట, మన పద్ధతిలో దహనం చేశారు. ఆయన ప్రతిమ ఒక మండపం కింద ఉంది. మేము వెళ్లేసరికి దాని పక్కన ఒక ముసలాయన కుక్కను కట్టేసి పత్రిక చదువుకుంటున్నాడు.