సేతువు కలిపేదా, విడదీసేదా?

సందేహం: గిట్, సబ్‌వెర్షన్ అనేవి ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను భద్రపరిచే రెండు వేర్వేరు వ్యవస్థలు. గిట్‌లో పనిచేస్తూ సబ్‌వెర్షన్ రిపాజిటరీకి, అంటే ఆ చరిత్ర ఉండే భాండారానికి, మార్పులు పంపే గిట్-ఎస్‌వీఎన్ సాధనంలో తలెత్తే చిక్కుల గురించి మా బృందం కోసం తెలుగులో సూచనలు రాస్తున్నాను. ఇలాంటి సాధనాన్ని వంతెన అనాలా, వారధి అనాలా, సేతువు అనాలా? "డీకమిట్ చేయగానే పాత కమిట్లు పోయి కొత్తవి సృష్టించబడతాయి" అన్న వాక్యం సరైనదేనా? (కమిట్ అంటే నమోదైన ఒక్కో మార్పు, డీకమిట్ అంటే గిట్ కమిట్లను సబ్‌వెర్షన్‌కు పంపడం.)

సమాధానం: "ఏర్పడతాయి" అంటే చాలినచోట "సృష్టించబడతాయి" అనడం నేటి సాంకేతిక రచనకు పట్టిన జాడ్యం. దాన్ని మీరే దిద్దుకోగలరు కనుక అసలు విషయానికి వస్తాను.

వంతెన అందరికీ తెలిసిన మాట, దానితో పేచీ లేదు. వారధి అన్నప్పుడల్లా సముద్రమనే అర్థమున్న వారిధి గుర్తుకు వచ్చి, దాటవలసినదాని పేరు దాటించేదానికి పెట్టామేమో అనిపిస్తుంది గాని, వాడుకలో స్థిరపడిన మాటను కాదనలేను. నాకు ఇష్టమైనది సేతువు. బంధించడమనే అర్థంగల "షిఞ్" ధాతువు నుంచి పుట్టింది కనుక బంధించేదే సేతువు. ఋగ్వేదంలో దానికి పాశమనే అర్థం కూడా ఉంది. అమరసింహుడు సేతువుకు పర్యాయంగా చెప్పింది "ఆలి", అంటే గట్టు. నీటిని ఆపే గట్టు మీదుగానే మనిషి అవతలికి నడిచిపోతాడు కాబట్టి, అడ్డుకునేదీ దాటించేదీ ఒక్కటే అయింది. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఆత్మను సేతువుగా చెబుతూ, లోకాలు ఒకదానిలో ఒకటి కలగలిసిపోకుండా నిలిపేదని, "అసంభేదాయ" అన్న మాటతో స్పష్టం చేశారు. ఆ వెంటనే, ఈ సేతువును దాటినవాడు గుడ్డివాడైనా గుడ్డితనం పోగొట్టుకుంటాడన్నారు. వేరుగా ఉంచడమూ దాటనివ్వడమూ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయిన ఇంత చక్కని ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు.

మీ సాధనం చేసే పని అచ్చంగా ఇదే. సబ్‌వెర్షన్ మార్పులకు ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు వేస్తుంది. గిట్ ప్రతి కమిట్‌నూ దాని విషయం నుంచీ, దాని ముందు కమిట్ నుంచీ లెక్కగట్టిన 40 అక్షరాల హ్యాష్‌తో, అంటే గుర్తింపు సంకేతంతో, గుర్తిస్తుంది. రెండు శాఖలను కలిపే గిట్ మెర్జ్ కమిట్‌కు ఇద్దరు తల్లులు, అంటే రెండు ముందు కమిట్లు ఉంటాయి. అది గట్టు దాటేసరికి ఒంటి కమిట్‌గా చదునైపోతుంది. అందుకే డీకమిట్‌కు ముందు మెర్జ్ కాక రీబేస్ (మన కమిట్లను తాజా చరిత్ర కొసన మళ్లీ పేర్చడం) చేయమంటారు. సబ్‌వెర్షన్‌లో ట్యాగ్ (ఒక దశకు పెట్టిన గుర్తు) అంటే డైరెక్టరీ నకలే కనుక ఇవతల అది రిమోట్ బ్రాంచ్‌గా (అవతలి శాఖగా) కనిపిస్తుంది. ఖాళీ డైరెక్టరీలను గిట్ అసలు దాచుకోదు. వీటిని సాధనంలోని లోపాలుగా మీ సూచనల్లో రాయకండి. గట్టు గట్టులా ఉండడం లోపం కాదు.

ఇక "పోయి" సంగతి. మిత్రుడిలా వచ్చి పక్కన చేరేది ఆగమం, శత్రువులా వచ్చి స్థానిని, అంటే అంతకుముందు ఆ చోట ఉన్నదాన్ని, తొలగించి కూర్చునేది ఆదేశమని వ్యాకరణం చదివిన వారందరూ వినే ఉంటారు. డీకమిట్ చేసినప్పుడు, కమిట్‌తో పాటు మీరు రాసిన సందేశం చివర సబ్‌వెర్షన్ సంఖ్యను చెప్పే గిట్-ఎస్‌వీఎన్-ఐడీ అనే వరుస వచ్చి చేరుతుంది. చూడడానికి ఆగమమే, కాని సందేశం మారితే హ్యాష్ మారక తప్పదు కనుక ఆ ఆగమం మొత్తం కమిట్‌కే ఆదేశాన్ని తెచ్చిపెడుతుంది. అయితే స్థాని తొలగేది మీ బ్రాంచ్‌లో మాత్రమే. డీకమిట్‌కు ముందే ఆ కమిట్లను తోటివారికి పంపి ఉంటే వారి దగ్గర స్థాని, మీ దగ్గర ఆదేశం నిలిచి, ఆ తరువాత రెండూ కలిసిననాడు చరిత్రలో ఒకే మార్పు రెండుసార్లు కనిపిస్తుంది. "పోయి" అన్న మాట ఈ ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుంది. "పాత కమిట్ల స్థానంలో కొత్తవి వస్తాయి" అని రాసి, డీకమిట్ కానివాటిని ఎవరికీ పంపవద్దని అక్కడే చేర్చండి.

ఆ చివరి వరుస చూడ్డానికి బాగులేదని, మొదట క్లోన్ చేసేటప్పుడే (రిపాజిటరీ నకలు తెచ్చుకునేటప్పుడే) దాన్ని రాకుండా ఆపేవారున్నారు. రెండు వైపుల సంఖ్యలనూ జతపరిచే రెవ్‌మ్యాప్ ఫైళ్లు ఎప్పుడైనా చెడిపోతే, వాటిని తిరిగి కట్టుకోవడానికి సాధనం వెతికేది ఆ వరుస కోసమే. శీర్షికలో వంతెన అనే ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. చిక్కులను వివరించే చోట మాత్రం సేతువుకే నా మొగ్గు.