ఒక్క గేమ్ మీద నడిచే కంపెనీలో మా పాప చేరొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. ఆరెకరాల రొయ్యల గుంటలే మాకు ఆధారం. మా పాప ఎంబీఏ ఫైనాన్స్ పూర్తి చేసింది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో మొబైల్ గేమ్స్ పబ్లిషింగ్ కంపెనీలో రెవెన్యూ అనలిస్ట్, ఏడాదికి 7 లక్షలు. రెండోది నెల్లూరులోనే ఒక ప్రైవేటు బ్యాంకులో, అప్పుల విభాగం, 4 లక్షల 20 వేలు. గేమ్ కంపెనీకి వచ్చే డబ్బులో నూటికి 80 వంతులు ఒక్క గేమ్ నుంచే వస్తాయని ఇంటర్వ్యూలో వాళ్లే చెప్పారట. మా బావమరిది ‘అది గాలిమేడ, పిల్లని పంపొద్దు’ అంటున్నాడు. పాప మాత్రం వెళ్తానంటోంది. శుక్రవారంలోపు జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు? సంబంధాలు కూడా చూస్తున్నాం, గేమ్ కంపెనీ అంటే ఏమనుకుంటారోనని ఒక బెంగ.

జవాబు: నమస్తే అన్నగారూ. నాకు వచ్చే ఉత్తరాల్లో జీతం ఎంతో అందరూ రాస్తారు. ఆ జీతం ఇచ్చే కంపెనీకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ రాయరు. మీరు రాశారు. ఎందుకు రాశారో కూడా ఊహించగలను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు మీ గుంటల్లో తప్పేమీ జరగలేదు. నీళ్లు బాగున్నాయి, మేత బాగుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) వచ్చింది. అయినా రేటు పడింది. మన రొయ్యని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికాయే కాబట్టి. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకి వైట్ స్పాట్ తెగులు తగిలినప్పటి దెబ్బ వేరు. అప్పుడు కొనేవాళ్లు ఉన్నారు, గుంటలోనే పంట చచ్చిపోయింది. మన తీరమంతా వేసింది ఆ ఒక్క పంటే.

ఈ రెండూ వేర్వేరు దెబ్బలని గుర్తు పెట్టుకుని చదవండి. మీ బావమరిది గారు భయపడుతున్నది రెండోదానికి, అంటే ఒకే పంటకి. గేమ్ కంపెనీ విషయంలో నాకు మొదటిదంటేనే, అంటే కొనేవాడి చేతిలో ఉండడమంటేనే ఎక్కువ భయం.

పబ్లిషర్ అంటే గేమ్‌ని తయారు చేసేవాడే కానక్కర్లేదు. ఎవరో తయారు చేసిన గేమ్‌కి డబ్బు పెట్టి, ప్రకటనలిచ్చి, జనంలోకి తీసుకెళ్లి, వచ్చిన ఆదాయంలో వాటా తీసుకునేవాడు. ఒక హిట్టు తగిలితే ఏళ్ల తరబడి అదే ఇల్లు నడుపుతుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలదీ ఇదే కథ. యాక్టివిజన్ బ్లిజార్డ్‌కి 2021లో వచ్చిన ఆదాయంలో 82 శాతం మూడు పేర్ల నుంచే: కాల్ ఆఫ్ డ్యూటీ, క్యాండీ క్రష్, వార్‌క్రాఫ్ట్. ఆ క్యాండీ క్రష్ తయారు చేసిన కింగ్ అనే కంపెనీ 2014 మార్చిలో న్యూయార్క్ మార్కెట్లో షేర్లు అమ్మకానికి పెట్టింది. 2013 చివరి మూడు నెలల లెక్కల్లో 78 శాతం ఆ ఒక్క గేమ్‌దే. మార్కెట్ కూడా అచ్చం మీ బావమరిది గారిలాగే ఆలోచించింది, మొదటి రోజే షేరు 16 శాతం దాకా పడింది. కానీ రెండేళ్లు తిరక్కుండానే యాక్టివిజన్ ఆ కంపెనీని 590 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. పాత గేమే, ఈరోజుకీ జనం ఆడుతున్నారు. మా ఇంట్లో కూడా ఒకావిడ ఆడుతుంది, పేరు చెప్తే భోజనం దొరకదు.

అందుకని 80 అనే అంకె చూసి ఉలిక్కిపడకండి. పది గేములుండి ఏదీ గట్టిగా నడవని కంపెనీ కంటే, ఒక గట్టి గేమ్ ఉన్న కంపెనీలోనే జీతం టైముకి పడుతుందని నేననుకుంటాను. ఇంకో హిట్టు తీయాలంటే డబ్బూ తెలివీ ఉంటే సరిపోదు, అదృష్టం కూడా కలిసిరావాలి. యాంగ్రీ బర్డ్స్ తీసిన రోవియో ఎన్ని కొత్త గేములు తెచ్చినా ఆ పక్షుల స్థాయి ఇంకోటి అందుకోలేదు. 2014, 2015 రెండేళ్లూ వరసగా మనుషుల్ని తీసేసింది. పెద్దవాళ్లకైనా ఒక పంటకీ ఇంకో పంటకీ మధ్య ఎడం భరించడమే కష్టం. గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఐదో గేమ్ వచ్చింది 2013లో. ఆరోది 2025 అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆ తర్వాత నవంబరు అన్నారు. పాత పంట మీద అంతకాలం బతికే బలం అందరికీ ఉండదు.

ఇక కొనేవాడి సంగతి. మొబైల్ గేమ్‌కి ఆడేవాళ్లు కోట్లలో ఉండొచ్చు గానీ, డబ్బు కంపెనీకి చేరే ముఖ్యమైన దారులు రెండే: ఆపిల్ స్టోర్, గూగుల్ ప్లే. మీకు రొయ్యలు కొనే ప్లాంటు వాళ్లూ కమిషన్ ఏజెంట్లూ ఎలాగో గేమ్ కంపెనీలకి వీళ్లు అలాగ. చాలాకాలం వీళ్ల కోత 30 శాతం. 2020 ఆగస్టులో ఎపిక్ అనే కంపెనీ తన ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఆపిల్‌ని తప్పించి సొంతంగా డబ్బు కట్టించుకునే ఏర్పాటు పెట్టింది. ఆపిల్ అదే రోజు ఆ గేమ్‌ని స్టోర్‌లోంచి తీసేసింది. అమెరికాలో ఐఫోన్లలోకి అది తిరిగి వచ్చింది 2025 మేలో. ఎపిక్‌కి వేరే ఆదాయాలున్నాయి కాబట్టి కోర్టుల చుట్టూ తిరిగి నిలబడింది. చిన్న కంపెనీ అయితే వారంలో తాళం వేసుకోవాలి.

జింగా కథ ఇంకా దగ్గరిది. 2009లో ఫామ్‌విల్ అని వ్యవసాయం ఆట తెచ్చారు, ఫేస్‌బుక్‌లో మన పిల్లలు కూడా రాత్రులు లేచి లేని పొలానికి నీళ్లు పెట్టేవాళ్లు. ఆ కంపెనీ ఆదాయం దాదాపు మొత్తం ఫేస్‌బుక్ ద్వారానే వచ్చేది. స్నేహితులకి గేమ్ కబుర్లు చేరే పద్ధతిని ఫేస్‌బుక్ మార్చింది, జనమేమో ఫోన్లలోకి మారిపోయారు. 2011 డిసెంబరులో 10 డాలర్లకి అమ్మిన షేరు ఏడాది తిరక్కుండానే 3 డాలర్ల కిందకి పడింది. 2013 జూన్‌లో ఒకే దఫాలో 520 మందిని ఇంటికి పంపారు. గేమ్ బాగాలేక వచ్చిన నష్టం దాంట్లో సగమే, గట్టు తమది కాకపోవడం మిగతా సగం.

మన దేశంలో అన్నిటికంటే పెద్ద కొనేవాడు, లేదా కొనకుండా ఆపేవాడు, ప్రభుత్వం. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. దాని వెనకున్న కొరియా కంపెనీ క్రాఫ్టన్ మరుసటి జులైలో బీజీఎంఐ అని వేరే పేరుతో తెచ్చుకుంది. 2022 జులైలో అది కూడా స్టోర్లలోంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. క్రాఫ్టన్‌కి కొరియా, చైనా, ఇంకా చాలా దేశాల్లో ఆడేవాళ్లున్నారు, తట్టుకుంది. డబ్బు పందెం కాసి ఆడే గేముల వాళ్లకి ఆ వీలు లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, డబ్బు పందెం గేములన్నీ ఆగిపోయాయి. తమ ఆదాయంలో 95 శాతం ఒక్కసారిగా పోయిందని డ్రీమ్ 11 అధినేతే చెప్పారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒంగోలు కుర్రాడొకడు బెంగళూరులో రమ్మీ గేమ్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని నా దగ్గరికి వచ్చాడు. మంచి జీతం, మంచి ఆఫీసు. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిందని నాకు తెలుసు. ‘మిగతా రాష్ట్రాల్లో నడుస్తోంది కదా, చేరిపో’ అన్నాను. కొత్త చట్టం వచ్చిన నెలకి వాడి ఉద్యోగం పోయింది. ‘మీరు చెప్తేనే చేరాను సార్’ అని ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా బాధ. వాడు అక్కడున్నన్నాళ్లూ డేటా పని, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే కంప్యూటర్ భాష) గట్టిగా నేర్చుకున్నాడు కాబట్టి నాలుగు నెలల్లో మందులు డెలివరీ చేసే కంపెనీలో కుదురుకున్నాడు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో బండి ఈఎంఐ ఎలా కట్టారో నేను అడగలేదు.

అందుకే మీ పాప శుక్రవారంలోపు ఆ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి కొన్ని విషయాలు అడగాలి. సిగ్గుపడక్కర్లేదు, రెవెన్యూ అనలిస్ట్‌గా తీసుకుంటున్న మనిషి రెవెన్యూ గురించి అడిగితే వాళ్లు మెచ్చుకోవాలి. అన్నిటికంటే ముందు, ఆ గేమ్‌లో డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే పద్ధతి ఏ రూపంలోనైనా ఉందా అని. ఉందంటే చర్చ అక్కడితో అయిపోయింది, బ్యాంకుకి వెళ్లమనండి. లేకపోతే తర్వాతి ప్రశ్న: గేమ్ వాళ్ల సొంతమా, వేరేవాళ్ల దగ్గర హక్కులు తీసుకుని నడుపుతున్నారా? చైనాలో బ్లిజార్డ్ గేములు నడిపిన నెట్‌ఈజ్‌కి ఒప్పందం 2023 జనవరిలో ముగిసింది, ఏడాదికి పైగా అక్కడ వార్‌క్రాఫ్ట్ లాంటి గేములు ఆడేవాళ్లకి దొరకలేదు. అంటే కౌలు గుంట లాంటిది. పంట ఎంత బాగున్నా కౌలు గడువు ఎప్పుడో చూసుకోవాలి. గేమ్ వచ్చి ఎన్నేళ్లయింది, డబ్బులు ఏ దేశం నుంచి ఎక్కువ వస్తున్నాయి, ఆడేవాళ్లలో డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది అనేవి కూడా అడగొచ్చు. ఉచితంగా ఆడే గేముల్లో నూటికి కొద్దిమందే డబ్బు పెడతారు, వాళ్లలో కూడా గుప్పెడు మందే ఎక్కువ పెడతారు. ఆ గుప్పెడు మందికి విసుగొస్తే ఆడేవాళ్ల సంఖ్య తగ్గకుండానే ఆదాయం తగ్గిపోతుంది. పాప చేయబోయే పనే అది కాబట్టి ఆ లెక్క ఆమెకి చేరాక ఎలాగూ కనిపిస్తుంది. చేరకముందు కనిపించాల్సింది ఇంకోటుంది: రేపటి నుంచి పైసా రాకపోయినా ఎన్ని నెలల జీతాలకి బ్యాంకులో డబ్బుంది? దీనికి అంకె చెప్పకపోయినా, చెప్పే తీరులోనే సగం తెలుస్తుంది.

కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంటే వార్షిక నివేదిక తెరవమనండి. ఒక్క కస్టమర్ నుంచే 10 శాతం, అంతకు మించి ఆదాయం వస్తుంటే ఆ సంగతి చెప్పాలని ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం అంటుంది. ఎంబీఏలో చదివే ఉంటుంది. గేమ్ వారీ లెక్క మాత్రం ఆ నియమం కింద రాదు, దానికి హెచ్‌ఆర్‌నే అడగాలి.

బ్యాంకు ఉద్యోగం గురించి మీకు నచ్చని మాటొకటి చెప్తాను. బ్యాంకు అంత సులువుగా మూతపడదు, అది నిజం. కానీ నెల్లూరు బ్రాంచిలో అప్పుల విభాగమంటే పాప చేతిలో పడే ఫైళ్లలో చాలావరకు ఆక్వా అప్పులే ఉంటాయి. రేటు పడిన ఏడాది మీ గుంటలో నష్టం, పాపకి రికవరీ టార్గెట్ టెన్షన్, రెండూ ఒకే నెలలో ఇంటికొస్తాయి. తండ్రి ఆదాయం రొయ్య మీద, కూతురి ప్రమోషన్ కూడా రొయ్య మీద. గేమ్ కంపెనీ జీతానికి ఆ సంబంధం లేదు. అమెరికా సుంకం పెంచినా, వైట్ స్పాట్ వచ్చినా హైదరాబాద్ నుంచి ఆ నెల డబ్బు వస్తుంది. కంపెనీ 80 శాతం ఒక్క గేమ్ మీద ఉందని దిగులుపడుతున్నారు గదా, మీ ఇల్లు ఇప్పుడు నూటికి నూరు ఒక్క రొయ్య మీద ఉంది.

నా మాట: హెచ్‌ఆర్ జవాబులు సరిగా ఉంటే గేమ్ కంపెనీకే పంపండి. ఆ జీతం చూసుకుని మాత్రం మీరు గుంటలు పెంచొద్దు, ఇంటి అప్పు పెట్టుకోవద్దు. మొదటి ఏడాదిలో పాప ఆరు నెలల ఖర్చు పక్కన వేసుకోవాలి. ఏడు లక్షల్లో షేర్ల రూపంలో ఇచ్చేది ఎంతో విడిగా అడిగి, దాన్ని జీతంలోంచి తీసేసి లెక్కేసుకోండి. మిగిలింది 5 లక్షల కిందకి దిగితే హైదరాబాద్ హాస్టలూ ఖర్చులూ పోను బ్యాంకుకీ దీనికీ తేడా పెద్దగా మిగలదు, అప్పుడు మళ్లీ ఆలోచించాలి. సంబంధాలు చూస్తున్నామని, గేమ్ కంపెనీ అంటే ఏమనుకుంటారోనని ఉత్తరం చివర రాశారు. ఫైనాన్స్ ఉద్యోగమని చెప్పండి, అబద్ధం కాదు.

ఆఫర్ కాగితంలో బాండ్ ఏదైనా ఉందేమో చూడండి. ఏడాదో రెండేళ్లో వదిలి వెళ్లకూడదు, వెళ్తే లక్షలు కట్టాలి అని ఉంటే సంతకం పెట్టకముందే ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. గురువారం సాయంత్రంలోపు పంపితే రాత్రికి చూసి చెప్తాను.