నాన్న పేరుతో మీరు రాయకండి

ప్రశ్న: మా తాతయ్య పోయి తొమ్మిది నెలలైంది. నలభై ఏళ్లపాటు రక్తదాతలను కూడగట్టిన మనిషి ఆయన. ఎవరికి ఏ గ్రూపు కావాలన్నా అర్ధరాత్రి లేచి వెళ్లేవారు. నన్ను పెంచింది కూడా ఆయనే అనాలి. జూన్ 14న సంస్మరణ సభ పెట్టి ఒక సంచిక తేవాలని అందరి దగ్గరా వ్యాసాలు తీసుకున్నాను. నాన్న మాత్రం ఒక్క పేజీ కూడా రాయనంటున్నారు. గట్టిగా అడిగితే ‘ఆయన అందరికీ ఉన్నారు, నాకు తప్ప’ అని లేచి వెళ్లిపోయారు. తాతయ్య నోట్‌బుక్‌లో నాన్న పదమూడుసార్లు రక్తం ఇచ్చినట్టు తేదీలు కూడా ఉన్నాయి. కొడుకు వ్యాసమే లేకపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఆయన పేరుతో నేనే నాలుగు మాటలు రాసి వేసేస్తే తప్పా? తాతయ్య గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపు ఆగదు. ఇది మామూలేనా?
- ఒక మనవరాలు

జవాబు: తప్పే. ఆయన చెప్పని మాటల కింద ఆయన పేరు పెట్టకండి. చూసేవాళ్లు ఏమనుకుంటారన్న సంగతి పక్కన పెట్టండి, వాళ్లు సభ అయ్యాక ఇళ్లకు వెళ్లిపోతారు. మీరు, మీ నాన్న ఒకే ఇంట్లో ఉండాలి.

ఏడుపు గురించి టెన్షన్ పడకండి. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులే సాగనివ్వనంత తీవ్రంగా ఉండే దుఃఖానికి డాక్టర్లు ఒక పేరు పెట్టారు. మీరు నలుగురినీ కలుస్తున్నారు, సంచిక పనంతా నెత్తిన వేసుకుని చేస్తున్నారు. ప్రేమించిన మనిషి గుర్తొచ్చి కళ్లు తడవడం జబ్బు కాదు. నిద్ర, తిండి, పని దెబ్బతింటే మాత్రం డాక్టర్‌ని కలవండి.

ఇక అసలు విషయం మీ నాన్న. ‘నాకు తప్ప’ అన్నారు చూశారా, మీ ఉత్తరమంతటిలో నన్ను పట్టుకున్న మాట అదే. మీరేమో దాన్ని సంచికకు వచ్చిన అడ్డంకిలా రాశారు. మీరెరిగిన తాతయ్య వేరు, మీ నాన్న ఎరిగిన తండ్రి వేరు. మీకు కథలు చెప్పేంత తీరిక ఉన్న తాతయ్య దొరికారు. మీ నాన్నకు దొరికింది, ఎవరో తలుపు తట్టగానే చొక్కా వేసుకుని వెళ్లిపోయే తండ్రి.

తాతయ్యది తప్పని నేననను. రక్తం కొట్లో సరుకులా నిల్వ ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టిన ఎర్రకణాలు ఈరోజుకీ దాదాపు 42 రోజులే ఆగుతాయి, ప్లేట్‌లెట్లు అయితే ఐదు నుంచి ఏడు రోజులే. ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే నెలలు ఆగాలి. అందుకే ఎవరో ఒకరు పేర్లు, తేదీలు రాసుకుని వేళ కాని వేళ పరుగెత్తాలి. అలా పరుగెత్తిన మనిషి ఆయన, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ పరుగు ఖరీదులో కొంత ఇంట్లో ఒక పిల్లాడు కూడా కట్టాడు. (ఆ రాత్రుళ్లు తలుపు గడియ వేసుకుని, ఆయన వచ్చేదాకా మేలుకుని ఉన్న మీ నాయనమ్మకు సంచికలో ఎన్ని పేజీలిచ్చారు? ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు.)

పదమూడుసార్లు రక్తం ఇచ్చారని రాసి, మీరు దాటి వెళ్లిపోయారు. తండ్రి మీద ఒట్టి కోపమే ఉన్న కొడుకు పదమూడుసార్లు చెయ్యి చాపడు. బహుశా తండ్రి పక్కన కాసేపు కూర్చునే వీలు ఆ కుర్రాడికి దొరికింది అక్కడేనేమో. నా ఊహ తప్పు కావచ్చు. అది చెప్పాల్సింది ఆయనే.

కాబట్టి ఆ నోట్‌బుక్ తీసుకుని ఆయన దగ్గర కూర్చోండి. పెన్ను వద్దు, ఫోన్‌లో రికార్డు చేయడం వద్దు. మొదటి తేదీ చూపించి ‘నాన్నా, ఆరోజు ఏమైంది?’ అని అడగండి. ఆయన తాతయ్యను తిడితే వినండి. ‘ఆయన ఎంతమందిని బతికించారో తెలుసా’ అని మాత్రం అడ్డు తగలకండి. ఆయనకు మీకంటే ముందే తెలుసు. వాదించడం కోసం కాదు, ఆయన కూతురిగా కూర్చోండి. ఈ తొమ్మిది నెలలూ మీరు మనవరాలిగానే ఉన్నారు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఆయన్ని ఎవరైనా పలకరించారా?

చెప్పిందేదీ ఆయన అనుమతి లేకుండా అచ్చులో పెట్టకండి. రాయనంటే వదిలేయండి. మౌనంగా ఉండే హక్కు కొడుక్కి ఉంది. కావాలంటే ఆ పదమూడు తేదీలున్న పేజీల ఫొటోలు వేస్తామని అడిగి చూడండి. దానికీ వద్దంటే వద్దు.

జూన్ 14 మంచి రోజే ఎంచుకున్నారు. రక్తంలో గ్రూపులున్నాయని 1901లో లోకానికి చెప్పిన కార్ల్ లాండ్‌స్టీనర్ పుట్టినరోజది, 2004 నుంచి రక్తదాతల దినోత్సవంగా జరుపుతున్నారు. ఏటా వస్తుంది. ఈసారికి సంచిక అందకపోతే వచ్చే జూన్‌లో తెండి. నాన్న దగ్గర మాత్రం ఈ వారంలోనే కూర్చోండి.