రాకీకి ఆటలు నేర్పిన బాబు డాగ్ ట్రైనర్ కావచ్చా? పరకాల అక్కకు జవాబు

ప్రశ్న: మాది పరకాల. మా బాబు ఇంటర్ సెకండియర్ బైపీసీ. మా గల్లీలో తిరిగే కుక్కపిల్లను ఇంటికి తెచ్చి రాకీ అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడది షేక్‌హ్యాండ్ ఇస్తుంది, పొర్లుతుంది, చెప్పులు తెచ్చిస్తుంది. చూసినవాళ్లంతా మెచ్చుకునేసరికి వీడేమో డాగ్ ట్రైనర్ అవుతా అంటున్నాడు. వాళ్ల నాన్నకు కోపం, నాకు టెన్షన్. ఏం చెప్పాలి వాడికి?

జవాబు: అక్కా, గల్లీ కుక్కకు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇన్ని ఆటలు నేర్పాడంటే మీ వాడికి ఓపిక ఉంది, గమనించే కన్ను కూడా ఉంది. దీన్ని టైంపాస్ కింద కొట్టిపారేయొద్దని వాళ్ల నాన్నకు నా మాటగా చెప్పండి. కానీ రాకీని చూసి మాత్రం కెరీర్ తేల్చలేం. అది వాడి చేతి అన్నం తిని పెరిగిన కుక్క, వాడి గొంతు వింటే చాలు తోక ఊపుతుంది. ట్రైనర్ పని మొదలయ్యేది ఎవరింట్లోనో, కొత్త మనిషిని చూస్తే గుర్రుమనే కుక్క ముందు, "పదిహేను రోజుల్లో అన్నీ వచ్చేయాలి సార్" అనే ఓనర్ పక్కన. అక్కడ మీ వాడు నిలబడగలడా అన్నదే మనం చూడాల్సింది.

మీరు ఒకసారి వాడి పక్కన కూర్చుని చూడండి. కుక్కకు కూర్చోవడం నేర్పాలంటే, ఉడికించిన చికెన్ ముక్క శనగగింజంత తీసుకుని దాని ముక్కు దగ్గర పెట్టి మెల్లగా పైకి, కొంచెం వెనక్కి జరపాలి. తల పైకెత్తేసరికి నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. నేలకు ఆనిందా లేదా, అదే క్షణంలో "శభాష్" అనాలి, ముక్క ఇవ్వాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే ఈలోపు అది లేచి నిలబడుతుంది, లేచినందుకే ముక్క దొరికింది అనుకుంటుంది, ఇక ఆ తర్వాత ఎంత అరిచినా తప్పు కుక్కది కాదు. ఇంట్లో ఒకరు "సిట్" అని, ఇంకొకరు "కూసో" అని, తాత "ఏయ్, కింద" అని అంటే దానికి ఏ మాటా అర్థం కాదు. ఒక్కసారికి ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు చేయొచ్చు. మన దగ్గర ఎండాకాలంలో అయితే తెల్లారి గాని, పొద్దుగూకాక గాని చేయించాలి, మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపిస్తే దాని పాదాలు కాలిపోతాయి.

ఇదంతా కొత్త విద్యేం కాదు. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు దగ్గర చదువుకున్న బ్రెలాండ్ దంపతులు 1940లలోనే ఈ పద్ధతిని ల్యాబ్ నుంచి బయటికి తెచ్చి, జంతువులకు ఆటలు నేర్పడమే వ్యాపారంగా పెట్టుకున్నారు. కొట్టి నేర్పితే కుక్క భయంతో చేస్తుంది, ఆ భయం ఏదో ఒక రోజు కాటుగా బయటపడుతుంది. మీ వాడు రాకీని కొట్టకుండా నేర్పాడా, కొట్టి నేర్పాడా? నాకు ఇది చాలా ముఖ్యం, వాడినే అడగండి.

ఇక సంపాదన సంగతి. షేక్‌హ్యాండ్ నేర్పినందుకు డబ్బులిచ్చేవాళ్లు తక్కువ. హనుమకొండ అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్ పెంచుకునేవాళ్లకు కావాల్సింది వేరు: ఇంట్లో పాడు చేయొద్దు, తాడు లాగొద్దు, చుట్టం రాగానే మీద పడొద్దు, దీపావళి పటాకులకు మంచం కింద దూరి వణకొద్దు. అంటే కుక్కకు నేర్పేది పావు వంతు, మనుషులకు నేర్పేది ముప్పావు వంతు. సినిమాల పేరు చెప్పి ఎవరైనా ఆశ పెడితే తొందరపడొద్దు. ఆ అవకాశాలు తక్కువ, అవీ హైదరాబాద్‌లోనే. పైగా 2001 నాటి ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం కుక్కతో ప్రదర్శనలు ఇప్పించాలన్నా, సినిమాలో చూపించాలన్నా జంతు సంక్షేమ బోర్డు దగ్గర పేరు నమోదు చేయించాలి.

కుక్క అసలు టాలెంట్ ముక్కులో ఉంటుంది అక్కా. మేడారం జాతర లాంటి చోట బాంబ్ స్క్వాడ్ వెంట తిరిగే కుక్కలకూ మొదట నేర్పేది ఇలాంటి ఆటే, వాసన కనిపెడితే బంతి దొరుకుతుంది, అంతే. తెలంగాణ పోలీసు కుక్కలకు మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో ట్రైనింగ్ ఇస్తారు. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో 1970 నుంచి పెద్ద కేంద్రమే ఉంది. పులి చర్మాలు, ఎముకలు దొంగతనంగా రవాణా చేసేవాళ్లను పట్టుకోవడానికి వన్యప్రాణుల దొంగ వ్యాపారం మీద నిఘా పెట్టే ట్రాఫిక్ అనే సంస్థ 2008లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద కుక్కలకు శిక్షణ ఇప్పించి అటవీ శాఖలకు అందిస్తున్నారు. అయితే పోలీసు శాఖలో మామూలుగా కానిస్టేబుల్‌గా చేరాకే డాగ్ స్క్వాడ్‌కు వెళ్తారు. కాబట్టి ఆ దారి ఇష్టమైతే మీ వాడు ఇప్పటి నుంచే రన్నింగ్ మొదలుపెట్టాలి. బీఎస్ఎఫ్‌లో కెన్నెల్‌మన్ అనే, కుక్కలను చూసుకునే కానిస్టేబుల్ పోస్టులకు కూడా అప్పుడప్పుడు నోటిఫికేషన్ పడుతుంది, అందులో అడిగే అనుభవం ఏమిటో ముందే చదివి పెట్టుకోమనండి.

నన్నడిగితే, వాడు బైపీసీలో ఉండటం మీ అదృష్టం. ఈ ఏడాది రాకీతో గడిపే టైం పొద్దున, సాయంత్రం అరగంటకు తగ్గించి, మిగతాదంతా చదువుకే ఇవ్వాలి. వెటర్నరీ సీటు వస్తే మీకు దగ్గర్లోనే, మామునూరులో కాలేజీ ఉంది. ఐదున్నరేళ్ల కోర్సు. కుక్క ఎందుకు కరుస్తోందో, అది కోపమా, చెవిలో నొప్పా అని చూసి చెప్పగలిగిన ట్రైనర్‌కు మన జిల్లాల్లో పోటీ ఎవరూ ఉండరు. సీటు రాకపోయినా పదో తరగతి అర్హతతో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది (ఇంటర్ పాసైనవాళ్లను తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి), మామూలు డిగ్రీ చేస్తూ వెటర్నరీ క్లినిక్‌లో సాయంగా చేరే దారీ ఉంది. ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ఈ పనిలో అందరూ ఒప్పుకునే సర్కారు సర్టిఫికెట్ అంటూ లేదు, ఎవరైనా కాగితం అచ్చు వేసి ఇవ్వొచ్చు. ఎప్పుడైనా చేర్పించాలనిపిస్తే ముందు వెళ్లి ఒక పూట క్లాసు చూడండి, అక్కడ కుక్కలు తోకలు కాళ్ల మధ్య పెట్టుకుని ఉంటే అటు నుంచి అటే వచ్చేయండి.

పరీక్షలు అయ్యాక సెలవుల్లో వాడికి ఒక పని పెట్టండి. తెలిసినవాళ్ల ఇళ్లలో రెండు కుక్కలను ఎంచుకోమనండి, ఒకటి చిన్న పిల్ల, ఇంకొకటి కొత్తవాళ్లను చూస్తే మొరిగేది. నెల రోజులు నేర్పాలి, ఏ రోజు ఏం చేశాడో, ఎక్కడ ఆగిపోయిందో నోట్‌బుక్‌లో రాయాలి. నెలాఖరున వాడు గేటు బయట ఉండాలి, కుక్క ఆ ఇంటివాళ్ల మాట వినాలి. వింటే వాడికి ఈ పని వచ్చినట్టే, అప్పుడు వాళ్ల నాన్నతో నేను కూడా మాట్లాడతా. వినకపోతే ఎక్కడ తేడా కొట్టిందో ఆ నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది, అది నాకు పంపండి.

అన్నిటికంటే ముందు ఇది చేయండి. రాకీకి ఏటేటా రేబీస్ టీకా పడుతోందా లేదా చూడండి. బయటి కుక్కలను ముట్టుకునే ముందే మీ వాడికి కూడా డాక్టర్‌ను అడిగి ముందస్తు రేబీస్ టీకాలు వేయించండి. చిన్న గీరుడు పడినా ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ముందు టీకాలు వేయించుకున్నా సరే, పోవాల్సిందే.