విడాకులు ఇచ్చిందా, తీసుకుందా?

సందేహం: హెచ్‌బీవోలో వచ్చిన ‘డివోర్స్’ అనే కామెడీ సీరియల్‌ను పరిచయం చేస్తూ ‘ఫ్రాన్సెస్ తన భర్త రాబర్ట్‌కు విడాకులిస్తానంటుంది’ అని రాశాను. విడాకులు ఇచ్చేది భర్త, భార్య ‘తీసుకుంటుంది’ అనాలని మిత్రుడొకరు దిద్దారు. ఏది సరి? పైగా ‘విడాకు’ అని ఏకవచనంలో ఎందుకు అనం?

సమాధానం: వ్యాకరణం దృష్టిలో మీ వాక్యానికి వచ్చిన లోటేమీ లేదు. మీ మిత్రుడు చెప్పింది పాత అలవాటు.

విడు, ఆకు కలిస్తే విడాకు. తాటాకు మీద రాసుకునే కాలపు మాట. విడిచిపెడుతున్నానని రాసిచ్చే ఆకు అన్నమాట. రాసిచ్చేది మొగుడు, పుచ్చుకునేది పెళ్ళాం అనే ఊహ ‘ఇచ్చు’ క్రియకు అలా అంటుకుపోయింది. తెలంగాణ పల్లెల్లో దీన్నే ‘ఇడుపు కాయితం’ అంటారు. ఆకు పోయి కాయితం వచ్చింది, విడుపు మాత్రం ఉండిపోయింది. మిగిలినవాళ్ళం ఆకు సంగతి మరిచిపోయి ‘విడాకుల పత్రాలు’ అని రాసేస్తున్నాం. పత్రమన్నా ఆకే కదండీ!

ఇప్పుడు ఇచ్చేది కోర్టు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల్లో ఎవరైనా అడగవచ్చు. 1976లో చేర్చిన 13-బి ప్రకారం ఇద్దరూ కలిసి అడగవచ్చు. ఇద్దరూ కోర్టు నుంచి పుచ్చుకునేవే కనక ‘విడాకులు తీసుకున్నారు’ అన్నా చక్కగా అతుకుతుంది.

అయితే మీ సీరియల్ దగ్గర నాకు వేరే పేచీ ఉంది. 2016 నుంచి 2019 దాకా మూడు సీజన్లు, 24 ఎపిసోడ్లు వచ్చినా, షారన్ హోర్గన్ సృష్టించిన ఈ కథకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. మొదటి ఎపిసోడ్‌లోనే ఫ్రాన్సెస్ (సారా జెస్సికా పార్కర్) విడాకులు కావాలంటుంది. తర్వాత వద్దులే అనుకుంటుంది. అంతలో ఆమె వేరొకరితో నడిపిన వ్యవహారం రాబర్ట్ (థామస్ హేడెన్ చర్చ్) చెవిన పడుతుంది. ఆమెను బయటే ఉంచి తలుపేసుకుంటాడు. ఇందులో ఇచ్చిందెవరు, తీసుకుందెవరు? ‘ఇస్తానంటుంది’ అంటే పగ్గాలు ఆమె చేతిలో ఉన్నట్టు. కథలో అవి ఎవరి చేతిలోనూ ఉండవు. అక్కడ ‘విడాకులడుగుతుంది’ అంటే చాలు. ‘వదిలేస్తానంటుంది’ అంటే నింద ఆమె మీద పడుతుంది. ‘విడాకులయ్యాయి’ అంటే ఎవరి మీదా పడదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ చివరిదాన్నే గొంతు తగ్గించి వాడతారు.

ఇక బహువచనం. పెళ్ళిచూపులు, తలంబ్రాలు, అప్పగింతలు, ఆ తర్వాత వికటిస్తే తెగదెంపులు, విడాకులు: ఇవేవీ ఈ అర్థాల్లో ఏకవచనంలో వినపడవు. పెళ్ళి, కాపురం మాత్రం ఒంటివే. క్రియ కూడా బహువచనంలోనే ఉండాలి. టీవీ స్క్రోలింగుల్లో ‘విడాకులు మంజూరైంది’ అని కనిపిస్తుంటుంది. ‘మంజూరయ్యాయి’ అనాలి.